దారిలో కనబడినవాళ్ళ ఫోటోలు: అడిగి తీస్తారా, తీసి అడుగుతారా?

దారినపోయే దానయ్య:

అందరికీ నమస్కారం. ఉద్యోగం వేరే అయినా నాలుగు రోజులు సెలవు దొరికితే కెమెరా సంచీ భుజానేసుకుని బస్సెక్కేసే రకం నేను. మొదట్లో గుళ్ళూ కొండలూ జలపాతాలూ తీస్తుంటే బాగానే ఉండేది గానీ కొన్నాళ్ళకి మొహం మొత్తింది. ఇప్పుడు నాకు మనుషులే కావాలి. సంతల్లో, రేవుల్లో, జాతరల్లో, మగ్గాల ఇళ్ళల్లో. వచ్చిన చిక్కల్లా ఒకటే. అడగకుండా తీస్తే ఫోటోలో ప్రాణం ఉంటుంది, అడిగామా, అప్పటిదాకా హాయిగా ఉన్న మనిషి కాస్తా రేషన్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు.

మొన్న అరకు సంతలో చూడండి. ఒక ముసలావిడ పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. అలాగే బేరం ఆడుతోంది, అలాగే తక్కెడ ఎత్తి చూస్తోంది, అలాగే పక్కావిడని ఏదో అని నవ్విస్తోంది కూడా. నాకు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. దగ్గరికెళ్ళి కెమెరా చూపించి "తీయనా అవ్వా" అన్నాను. సరేనంది. చుట్ట తీసి రాయి మీద పెట్టింది, కొంగుతో మూతి తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది, తక్కెడ పక్కకి జరిపేసింది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. నేను ఏదైతే చూసి ఆగానో అందులో ఒక్కటీ మిగల్లేదు. ఈలోపు నా వెనకాల ఎవరో టూరిస్టు, నేను అడగడానికి ముందే పెద్ద లెన్సుతో టకటకా తీసేసుకుని వెళ్ళిపోయాడు. మంచి ఫోటో అతనికి దక్కింది, ఒప్పుకోవాలి.

ఎక్కువ తిరిగేవాళ్ళు మీరేం చేస్తారో చెప్పండి. ముందే అడుగుతారా? డబ్బులిస్తారా? ఫోటో పంపిస్తానని చెప్తే నిజంగా పంపిస్తారా? నెట్లో పెట్టడం సంగతి ఏంటి? అలాగే మీకు బాగా గుర్తుండిపోయిన మనుషుల గురించి కూడా రాయండి. ఏ లెన్సు కొనాలి అన్న గొడవ ఈ ఒక్క చర్చలోనైనా వద్దు, దండం పెడతాను.

పొందూరు అల్లుడు:

దానయ్య గారూ, పాడైపోయింది మీకు కావాల్సిన ఫోటో. ఆవిడకి కావాల్సిన ఫోటో అప్పుడే మొదలైంది. చుట్ట పక్కన పెట్టి మూతి తుడుచుకుందంటే, నలుగురి కంట్లో తను ఎలా పడాలో ఆవిడ మీకు చెప్పేసినట్టే కదా. నేనైతే ఆ బిగుసుకుపోయిన ఫోటోనే ముందు తీస్తాను, అదీ శ్రద్ధగా, కొంగు సర్దుకునేదాకా ఆగి, వెనకాల బకెట్టు ఉంటే తీయించి మరీ తీస్తాను. అది వాళ్ళది. అయిపోగానే వాళ్ళు మళ్ళీ పనిలో పడతారు, నేను అక్కడే కూలబడతాను. ఆ తర్వాత వచ్చేది నాది. సంతలో ఇది కష్టమే, ఇళ్ళల్లో మాత్రం ఎప్పుడూ బెడిసికొట్టలేదు.

మా అత్తవారిది పొందూరు పక్క ఊరు. పొందూరు సన్న ఖద్దరు గురించి వినే ఉంటారు, గాంధీగారు ముచ్చటపడి కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపించిన చోటు. అక్కడ పత్తిని శుభ్రం చేసే మొదటి పని వాలుగ చేప దవడతో. ఆ ఎముకకి ఉండే సన్నటి పళ్ళతో గింజ మీద పత్తిని దువ్వుతారు. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచుకోవడం, రాట్నం మీద వడకడం, ఇంకా చాలా ఉంది. కానీ వచ్చిన ప్రతి ఫోటోగ్రాఫరూ ఆ చేప పళ్ళ క్లోజప్పు తీసుకుని సంబరంగా వెళ్ళిపోతాడు. వేళ్ళు, ఎముక, పత్తి, అంతే. ఆ వేళ్ళు ఎవరివో ఆ ఫోటోలో ఉండదు.

నేను కూర్చున్న ఇంట్లో పెద్దావిడకి డెబ్భై దాటి ఉంటాయి. ఇంట్లోకి వెలుతురు వీధి గుమ్మంలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. చూపు ఆనదు కాబట్టి గుమ్మానికి ఎడమ భుజం ఆనించి కూర్చుంటుంది. దువ్వుతుంటే లేచే నూగు ముందు గాల్లో తేలుతుంది, తర్వాత మెల్లగా దిగి మునివేళ్ళ మీద, ముక్కుపుడక మీద, కనుబొమల మీద వాలుతుంది. ఎండ వాలేసరికి ఇల్లంతా చీకటే గానీ ఆ నూగు ఒక్కటీ మెరుస్తుంటుంది. ఆవిడ చెయ్యి ఆపకుండా, పెదవి ఒక చివర్నుంచి ఉఫ్‌మని పైకి ఊదుకుంటుంది, కనుబొమల మీదది లేచిపోతుంది, మళ్ళీ కాసేపటికి వాలుతుంది. నేను చూసి చూసి ఆ ఊదే లయ పట్టుకున్నాక గానీ మీట నొక్కలేదు. అడగకుండా గుమ్మంలోంచి తీసి వెళ్ళిపోయేవాడికి ఆవిడ ఊదుకుంటుందన్న సంగతే తెలియదు.

మధ్యలో "నీకు పనేటీ నేదా బాబూ" అని అడిగింది. కెమెరా ఎంత అంది. సగం ధర చెప్పాను. దానికి ఎన్ని చిలపల (నూలు కట్టల) నూలు వడకాలో వేళ్ళ మీద లెక్కేసింది, లెక్క తెగలేదు, నవ్వేసి కోడల్ని పిలిచి ఆవిడకి కూడా చెప్పింది, ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు. తర్వాత వెళ్ళినప్పుడు రెండు ఫోటోలూ ప్రింట్లు వేయించుకెళ్ళాను, నిటారుగా కూర్చున్నదీ, ఊదుకుంటున్నదీ. మొదటిది దేవుడి పటాల పక్కకి పోయింది. రెండోది నేను మురిసిపోతున్నది. ఆవిడ దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి అన్న మాట: "గోడ పెచ్చులూడిపోనాది, సున్నమెయ్యాల."

డబ్బు సంగతి. ఫోటోకింత అని ఇవ్వను. వాళ్ళు అమ్మేది ఉంటే కొంటాను, బేరం ఆడకుండా.

నల్లగొండ బిడ్డ:

అందరూ తీసేవాళ్ళే మాట్లాడుతున్నారు, తీయించుకున్నవాళ్ళ వైపు నుంచి నేను చెప్తా.

మా అమ్మ నాట్లకు పోయేది. మా పొలాలు రోడ్డు పక్కనే. వానాకాలం వచ్చిందంటే కార్లు ఆగేవి, లెన్సులు బయటికొచ్చేవి. మీకు ఆ ఫోటోలో రంగురంగుల చీరలు వరుసగా, వంగిన నడుములు, నీళ్ళల్లో నీడలు. అమ్మకు అది చీర మోకాళ్ళ పైదాకా చెక్కుకుని, బురదలో నడుము విరిగేటట్టు పని చేసే టైము. ఊళ్ళో మగమనిషి ఎవరన్నా గట్టు మీదికొస్తే చీర కిందికి దించుకునేటామె. రోడ్డు మీద ఎవడో తీస్తుంటే ఎట్లా దించుకుంటది, కనబడితే కదా.

ఒక ఏడాది ఎవరిదో కంపెనీ క్యాలెండరు మీద వాళ్ళ ముఠా ఫోటో వచ్చింది. మా ఊరి కిరాణా కొట్లోనే వేలాడదీసిండ్రు. వెనకనుంచి తీసింది. మొహాలు కనబడకున్నా ఊళ్ళో అందరికీ చీరను బట్టి తెలుసు ఎవరెవరో. నాన్న మంచిగనే ఉంది అన్నడు. అమ్మ కొట్టాయనతో లడాయి పెట్టుకుని దాన్ని తీసేయించింది. పైసల గురించి అడగలేదామె. "పనైనంక ఒడ్డు మీద నిలబెట్టి తీస్తే వాని సొమ్మేం పోయె" అన్నది, అంతే. నిలబెట్టి తీయి అన్నది చూడండి, దానయ్య గారూ. మీరు ప్రాణం లేదంటున్న ఫోటోనే ఆమె అడిగింది.

మేడారం పోయే ఫోటోగ్రాఫర్లకైతే రెండు చేతులా దండం. రెండేళ్ళకోసారి జాతర, అన్ని లక్షల మంది వస్తరు, తీయడానికి ఎంత ఉంది! నిలువెత్తు బంగారం అని మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి బెల్లం తూచే దగ్గర నిలబడండి, చిన్నపిల్లలు ఏడుస్తుంటే పక్క పళ్ళెంలో బెల్లం దిమ్మెలు పెడుతుంటరు. సమ్మక్క తల్లి చిలుకలగుట్ట దిగి వచ్చేటప్పుడు పోలీసులు గాల్లోకి తుపాకీ పేలుస్తరు, ఆ చప్పుడుకు జనం మొహాల్లో వచ్చేది చూడండి, శివసత్తుల పూనకాలు చూడండి. ఇవన్నీ వదిలేసి జంపన్న వాగు ఒడ్డున కూర్చుని తడిబట్టల ఆడవాళ్ళను తీస్తరు. పైగా కింద "భక్తి పారవశ్యం" అని రాస్తరు. వాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి మునిగిండ్రు, మీ ఫోటో పోటీ కోసం కాదు.

ఇదేదో ఇప్పుడు కొత్తగా వచ్చిన సున్నితం అనుకోకండి. రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం వేరుగా జనానా స్టూడియో పెట్టిండు, లోపల ఫోటోలు తీయడానికి కూడా ఒక మహిళనే పెట్టిండు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరాయన, తీసుకుందామంటే మొహమాటపడాల్సిన పని లేనోడు. అయినా ఎదుటివాళ్ళు ఎట్లైతే ఒప్పుకుంటరో అట్ల ఏర్పాటు చేసిండు.

స్టూడియో మూర్తి:

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను తిరిగేవాడిని కాదు, గుంటూరు వైపు చిన్న టౌన్లో స్టూడియో నాది. నా దగ్గరికే ఊళ్ళు వస్తాయి. ఆ బిగుసుకుపోయిన ఫోటో ఎందుకంత ముఖ్యమో నేను చెప్తాను, కొంచెం అశుభంగా ఉంటుంది, ఏమనుకోకండి.

మాకు రాత్రిపూట ఫోన్ వచ్చిందంటే ఎవరో పోయినట్టే. తెల్లారేసరికి ఫ్లెక్సీకి ఒకటి, దండేయడానికి ఫ్రేము కట్టించింది ఒకటి కావాలి. ఫోటో ఏదండీ అంటే ఆధార్ కార్డు ఇస్తారు. ఆధార్ ఫోటో గురించి నేను చెప్పాల్సిన పని లేదు, ఎవరిది వాళ్ళే పోల్చుకోలేరు. లేదంటే పెళ్ళి గ్రూపు ఫోటో తెస్తారు, అందులో ఆ పెద్దాయన ఎవరి తలపాగా వెనకాలో సగం చెంప కనబడుతుంటాడు. మిగతా సగం నేను తయారు చేయాలి. చొక్కా ఫోటోషాపులో తొడగాలి, ఆయన జన్మలో వేసుకోని కోటు వేయమంటారు కొందరు. కూలికెళ్ళే ఇళ్ళల్లో ముసలివాళ్ళకి విడిగా తీసిన ఫోటో ఒక్కటి కూడా ఉండదు. అందరి చేతిలో ఫోన్లున్న ఈ రోజుల్లో కూడా అంతే, పిల్లలవి వేలు ఉంటాయి, అవ్వది ఒక్కటుండదు. ఉన్నా ఫోన్ మార్చినప్పుడు పోయి ఉంటుంది.

కొందరు ముసలమ్మలు తెలివైనవాళ్ళు, వాళ్ళే ముందుగా వచ్చి తీయించుకుంటారు. "రేపు పోతే దండేయడానికి, కాస్త బాగా తియ్యి నాయనా." నవ్వమంటే తిడతారు. చచ్చినదాన్ని నవ్వుతావేంటే అంటారు జనం, అని వాళ్ళ లెక్క.

ఒకసారి ఇలాగే అర్ధరాత్రి వచ్చిన కుర్రాడు ఆధార్ కాకుండా పోస్టుకార్డు సైజు ప్రింటు ఒకటి తెచ్చాడు. పెద్దాయన ఎడ్లబండి పక్కన నిలబడి, చేతిలో ముల్లుగర్రతో, నేరుగా చూస్తున్నాడు. ఛాతీ దాకా కత్తిరిస్తే చాలు, నేను చేయాల్సింది ఏమీ లేకపోయింది. ఎవరు తీశారయ్యా అంటే, ఎవరో దారినపోతూ ఆగి తీసి, తర్వాత పోస్టులో పంపించాడట. వెనకాల పెన్నుతో ఊరి పేరూ తేదీ రాసి ఉన్నాయి, పంపినవాడి పేరు లేదు. మీలాంటివాళ్ళే ఎవరో అయ్యుంటారు. కాబట్టి మీ కళ ఏదో మీరు తీసుకోండి, దాంతోపాటు ఎదురుగా, వెలుగు మొహం మీద పడేలా, ఛాతీ దాకా ఒకటి తీసి ప్రింటు పంపండి. వాట్సాప్‌లో పంపడం పంపడం కాదు.

లైట్ మీటర్:

ఇంత ఆలోచిస్తే ఇక ఫోటో ఏం తీస్తారండీ బాబూ. నడివీధిలో ఉన్న మనిషిని నేను కళ్ళతో చూడొచ్చు గానీ కెమెరాతో చూడకూడదా? ప్రపంచంలో గొప్ప వీధి ఫోటోలు చాలావరకు అడగకుండా తీసినవే. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటోలే ఉంటే మన కాలం ఎలా ఉండేదో యాభై ఏళ్ళ తర్వాతవాళ్ళకి ఏం తెలుస్తుంది, జనమంతా ఎప్పుడూ చేతులు కట్టుకునే తిరిగేవాళ్ళనుకుంటారు. దానయ్య గారికి దొరకని ఆ చుట్ట ఫోటో ఉండాల్సిందే అంటాను నేను. ఇంకొన్నేళ్ళు పోతే అడ్డపొగ తాగేవాళ్ళే ఉండరు, ఆరోగ్యానికి అదే మంచిదనుకోండి.

అండమాన్ అప్పారావు:

లైట్ మీటర్ గారూ, కెమెరాతో చూడకూడని చోట్లు కూడా ఉన్నాయండి. మావాళ్ళు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ అండమాన్‌లో స్థిరపడ్డారు, ఇక్కడ తెలుగువాళ్ళం చాలామందిమే. జార్వాలనే ఆదిమ గిరిజనులు ఉండే అడవిలోంచి వెళ్ళే ట్రంకు రోడ్డు మీద బండ్లని కాన్వాయ్‌గా పంపిస్తారు, మధ్యలో ఆపకూడదు, ఫోటో తీయకూడదు, తీస్తే కేసు. 2012లో టూరిస్టుల ముందు జార్వా ఆడవాళ్ళ చేత డాన్సు చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా గొడవైంది. తిండి ఎర చూపి ఆడించడమది. ఆ తర్వాత చట్టాన్ని ఇంకా గట్టిగా బిగించారు. అయినా మా ఇంటికొచ్చే చుట్టాలు ఇప్పటికీ మొదట అడిగేది "జార్వాలు కనబడతారా, ఫోటో తీయొచ్చా" అనే. వద్దంటే మొహం మాడ్చుకుంటారు.

ముప్ఫయ్యారు ఫ్రేములు:

పేపర్లో ఫోటోగ్రాఫరుగా చేసి రిటైరైన మనిషిని. పేరు చూసే అర్థమై ఉంటుంది, రీలుకి ముప్ఫై ఆరు దొరికేవి, వాటితోనే రోజంతా నెట్టుకురావాలి. అందుకే తీసేముందు మనిషితో మాట్లాడటం అలవాటైంది, మర్యాద కోసం కాదు, రీలు పొదుపు కోసం!

ఎప్పుడూ అడిగే తీయాలి అంటే నేను ఒప్పుకోను. 1996 నవంబరులో కోనసీమ తుఫాను తర్వాత వెళ్ళాం. కొబ్బరితోటలకి తోటలు పడుకుని ఉన్నాయి, ఎటు చూసినా మొదళ్ళు లేచి. ఒకాయన పడిపోయిన తన చెట్ల మధ్య నడుస్తూ ఒక్కో చెట్టునీ చేత్తో తట్టుకుంటూ వెళ్తున్నాడు. నేను ఆయన్ని ఏమని అడగను? తీశాను. తీసి, కెమెరా దించి, దగ్గరికెళ్ళి కూర్చున్నాను. పేరు రాసుకున్నాను, ఊరు రాసుకున్నాను, ఎన్ని చెట్లు పోయాయో రాసుకున్నాను. పేపర్లో ఆ పేరు వేశారు. వేయకపోతే ఆయన 'ఒక రైతు' అయిపోయేవాడు. మా వాళ్ళకి 'ఒక వృద్ధురాలు', 'ఓ చిన్నారి', 'బాధిత మహిళ' అని రాయడం ఎంత అలవాటో చెప్పలేను, డెస్కుతో నా పోట్లాటలన్నీ దాని మీదే.

పేరు అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, ఈ వృత్తిలో అందరూ గోడకి తగిలించుకునే ఫోటో ఉంది కదా. 1936లో అమెరికాలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతలకి వచ్చిన కూలీల డేరాల్లో డొరోథియా లాంజ్ ఒక తల్లినీ పిల్లల్నీ తీసింది. ఆమె ప్రభుత్వం తరఫున తిరుగుతూ తీస్తున్న ఫోటోగ్రాఫరు. మంచి మనిషి, పేదల పక్షాన నిలబడ్డ మనిషి, అందులో సందేహం లేదు. ఆ ఫోటో పేపర్లో వచ్చాక ఆ డేరాలకి తిండిగింజలు చేరాయి కూడా. కానీ ఆ తల్లి పేరు అడగలేదని లాంజే తర్వాత రాసుకుంది. నలభై ఏళ్ళకి పైగా గడిచాక, 1978లో, ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది. ఆమె ఏమందంటే, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేది, నాకు చిల్లిగవ్వ రాలేదు, నా పేరు అడగలేదు, కాపీ పంపిస్తానంది, పంపలేదు. లోకమంతా చూసిన ఫోటో, పంపాల్సిన ఇంటికి తప్ప అన్నిచోట్లకీ వెళ్ళింది.

ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ పిల్ల కూడా అంతే. 1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో తీశారు, మరుసటేడు నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చింది. ఆమె పేరు షర్బత్ గులా అని 2002లో మళ్ళీ వెతికి పట్టుకున్నాకే తెలిసింది. తన ఫోటో తను చూసుకున్నది కూడా అప్పుడే. చూడనివాళ్ళు లేరనుకునే మొహం, అద్దంలో తప్ప ఆమె చూసుకోలేదు అన్నాళ్ళూ.

లైట్ మీటర్ గారి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. అడక్కుండానే తీయండి కొన్ని. తీశాక మాత్రం కెమెరా సంచీలో పెట్టి పారిపోకండి. స్క్రీను తిప్పి చూపించండి. వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చేయండి. మా రోజుల్లో రీలు చెరపలేం, ఆ వెసులుబాటు మీకుంది.

కాకినాడ కాజా:

అందరూ బాగా రాశారండి. నేనొక్క విషయం కలుపుతాను, ఎవరూ ఎత్తలేదు.

మాది ఉప్పాడ వైపు. సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోంది, వరసల వరసలు ఇళ్ళు పోయాయి. సగం గోడ నిలబడి, గుమ్మం అవతల నేరుగా అలలు కనబడతాయి. ఇంక ఫోటోగ్రాఫర్లకి చెప్పాలా. వస్తారు, బాగానే తీస్తారు, మర్యాదగా అడిగి మరీ తీస్తారు. మావాళ్ళు కాదనరు. ఎందుకు కాదనరో తెలుసాండి? కెమెరా పట్టుకుని ఇల్లు తీసేవాడు అంటే నష్టం రాసుకోవడానికి వచ్చిన గవర్నమెంటు మనిషి అనుకుంటారు. పిల్లల్ని కూడా పిలిచి వరసగా నిలబెడతారు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క తెలియాలని. ఆధార్లు, రేషన్ కార్డులు చేత్తో పట్టుకుని ఫోటోలో కనబడేలా పెడతారు. మీరు అదేదో భలే కంపోజిషన్ అనుకుని తీసుకుంటారు. మా పెద్దమ్మ అయితే ఒకాయన్ని చూపిస్తూ "ఈ బాబు వచ్చి రాసుకెళ్ళాడు, ఇల్లు వస్తది" అని ఏడాదిపాటు అందరికీ చెప్పుకుంది. ఆయన పాపం ఏ బ్యాంకులోనో పనిచేసుకుంటూ సెలవుకి వచ్చి ఉంటాడు.

అందుకని అడగడం ఒక్కటే చాలదండి. "నేను గవర్నమెంటు కాదు, పేపరు కాదు, దీనివల్ల మీకు ఏమీ రాదు, నా సరదా కోసం తీసుకుంటున్నాను" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పి చూడండి, సగంమంది అప్పుడు కూడా తీసుకోమంటారు. మిగతా సగంమంది పనుంది పొమ్మంటారు. ఆ మిగతా సగం ఫోటోలు మీకు రావల్సినవి కావు.

దారినపోయే దానయ్య:

ఇన్ని వస్తాయని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. అరకు అవ్వ ఫోటో, అదే చేతులు ఒళ్ళో పెట్టుకున్నది, మళ్ళీ బయటికి తీసి చూశాను. ముక్కుకి మూడు ముక్కుపుడకలు ఉన్నాయి, సంతలో చూస్తున్నప్పుడు నా కళ్ళన్నీ ఆ చుట్ట మీదే, అవి కనబడనే లేదు. ప్రింటు వేయించి అటు వెళ్ళేవాళ్ళతో పంపిస్తున్నాను, ఆ పసుపు వరసలో అడిగితే చెప్తారు.

లైట్ మీటర్ గారితో ఇప్పటికీ సగం నేను ఒప్పుకుంటాను, అది వేరే సంగతి. జనం కిక్కిరిసిన చోట అందర్నీ అడగడం అయ్యే పని కాదు.

రెండు డౌట్లు. మూర్తి గారూ, ప్రయాణంలో అక్కడికక్కడే ప్రింటిచ్చే చిన్న మిషన్లు ఉన్నాయి కదా, అవి కొనొచ్చా, లేక ఇంటికొచ్చి ల్యాబులో వేయించి పంపడమే మేలా? కాజా గారూ, నాకు ఉప్పాడ రావాలని ఉంది, మీరు ఇలా రాశాక రావడానికి మొహమాటంగా కూడా ఉంది. ఎప్పుడు వస్తే మనుషులతో తీరిగ్గా మాట్లాడే వీలుంటుంది?

స్టూడియో మూర్తి:

కొనుక్కోండి. ఫ్యూజీ ఇన్‌స్టాక్స్ అంటే పిల్లలు సరదా పడతారు గానీ చిన్న సైజు మరీ చిన్నది, ఫ్రేము కట్టడానికి పనికిరాదు, పైగా దాన్నుంచి పెద్దది చేయమంటే మావల్ల కాదు. పోస్టుకార్డు సైజు ఇచ్చే క్యానన్ సెల్ఫీ (Selphy) ప్రింటర్ లాంటివి నయం, రంగు కాగితంలోకి దిగిపోయి పైన పొర పడుతుంది, తడి చెయ్యి తగిలినా ఏమీ కాదు. ఇంక్‌జెట్ మాత్రం వద్దు, తీరం ఊళ్ళలో అసలు వద్దు, నాలుగు నెలల్లో మొహాలు కారిపోతాయి. దండేసే సైజు ఫోటోలు ల్యాబులోనే వేయించండి. పంపేటప్పుడు రెండు అట్టల మధ్య పెట్టి, మడవకూడదని కవరు మీద తెలుగులో రాయండి. ఇంటి పేరు, తండ్రి పేరు, బజారు పేరు మూడూ రాసుకోకపోతే ఒకే పేరు మీద ఊళ్ళో పదిమంది ఉంటారు, పోస్టుమ్యాన్ ఏం చేస్తాడు.

కాకినాడ కాజా:

మొహమాటం ఎందుకండి, రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ నీడపట్టున దొరుకుతారు, ఎంతసేపైనా కబుర్లు చెప్తారు. కాకపోతే అప్పుడు చేతుల్లో డబ్బులాడవు, వేట నిషేధం డబ్బులు ఎప్పుడు పడతాయని మిమ్మల్నే అడుగుతారు, పైన చెప్పిన మాట మొదట్లోనే చెప్పేయండి. ఊళ్ళో జాందానీ చీరలు నేసేవాళ్ళ దగ్గరికి కూడా తీసుకెళ్తాను, వాళ్ళు మాట్లాడరు, లెక్క తప్పుతుందని. కాకినాడలో దిగాక బీచ్ రోడ్డు ఎలా ఉందో కనుక్కుని బయల్దేరండి, అలలకి కోతపడితే బస్సులు పిఠాపురం మీదుగా తిప్పుతారు, గంట ఎక్కువ పడుతుంది.